జరీనా కవితకు పద్మనాభం గారి చప్పట్లు

కోపం వస్తే నేను అరుస్తాను. జరీనా కవిత రాస్తుంది. బెంగళూరు పీణ్యలో మేమిద్దరం ఒకే మెషిన్ షాపులో పనిచేస్తాం. తయారైన బోల్టుల కొలతలు సరిచూడటం మా పని. పని వివరాలు రాసే పాత జాబ్ కార్డుల వెనకంతా ఆమె కవిత్వమే. కదిరి పిల్ల. నవ్విందంటే షెడ్డంతా వినిపిస్తుంది.

ఆ మార్చిలో మాత్రం నవ్వడానికి తీరిక లేకపోయింది. వాళ్లుండే ఇల్లు కూల్చి కొత్తది కడతామని, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు ఓనరు. తల్లిని వెంటబెట్టుకుని తిరిగింది, ఫోన్లు చేసింది, మొత్తం పదకొండు ఇళ్లు. అద్దె కుదిరేది, అడ్వాన్సూ కుదిరేది. పేరు చెప్పేసరికి "అయ్యో, ఇప్పుడే వేరేవాళ్లకు మాటిచ్చేశామమ్మా" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కడినైనా నిలదీద్దాం పదవే అన్నాను.

"నిలదీస్తే ఇల్లిస్తారా రంజితక్కా? ఉగాదికి కవిత చదువుతాలే" అంది.

ఉగాదినాడు మా తెలుగు సంఘంలో కవి సమ్మేళనం. పచ్చడి తినడం అయింది. వరుసగా ఏడుగురు కవులు కోయిలను పొగిడారు. అప్పుడు లేచింది జరీనా.

"ఫోన్లో ఖాళీగా ఉన్న ఇల్లు
నా పేరు వినగానే నిండిపోతుంది.
తాళం అలాగే ఉంది,
కిటికీకి పరదా అయినా లేదు.
ఇంత చప్పుడు లేకుండా
లోపల దిగిందెవరు?"

హాలు చప్పట్లతో అదిరిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది సభాధ్యక్షులు పద్మనాభం గారు. మంచి మాటకారి, మైకు దొరికితే వదలరు. జరీనాకు శాలువా కప్పి, "ఆహా! ఇట్లాంటి ఓనర్లు కూడా ఉంటారా ఈ కాలంలో! సిగ్గుండొద్దా వాళ్లకి!" అని ఊగిపోయారు.

ఆ గొంతు అంత దగ్గరగా వింటూనే జరీనా నా వైపు చూసి కళ్లు పెద్దవి చేసింది. పదకొండో ఇంటి గొంతు అదే. నేనైతే కుర్చీ ఎత్తేదాన్ని. ఆమె నవ్వుతూ మైకు ముందుకు వంగింది.

"ఉంటారు సార్. మొన్న ఆదివారం మీకే ఫోన్ చేసినాను. మీ మేడ మీద టు-లెట్ బోర్డు ఇంకా ఉండాది."

ముందు వరసలోంచి ఆయన భార్య భాగీరథమ్మ లేచింది. "ఏమయ్యా, ఎవరూ అడగలేదని నాకు చెప్తివే! రెండు నెల్లుగా ఖాళీగా ఉండాదే ఇల్లు! సిగ్గుండొద్దా అంటివి కదా, ఇప్పుడు చెప్పు!"

హాలంతా ఒకటే నవ్వు. పద్మనాభం గారి ముఖం చిన్నబోయింది. "తప్పయిపోయిందమ్మా. ఎప్పుడైనా వచ్చి దిగండి" అన్నారు. నేను ఈల వేశాను. నాకు ఇల్లు దొరికినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఆ వచ్చే ఆదివారమే దిగారు. మెట్ల మీద మేం బీరువా మోస్తుంటే పక్కింటాయన తొంగిచూసి, "ఎవరు సార్ వచ్చేది?" అన్నాడు.

"మా కవయిత్రమ్మ! శాలువా కప్పింది నేనే" అన్నారు పద్మనాభం గారు గర్వంగా.

జరీనా బీరువా దించి కొంగుతో చెమట తుడుచుకుంది. "జరీనా అని చెప్పండి సార్. మా షాపులో పనిచేసే ఫాతిమాకు కవితలు రావు. మీ కింద ఖాళీగా ఉన్న గదికి నిన్న ఫోన్ చేస్తే, వేరేవాళ్లకు మాటిచ్చేశామన్నారంట."

భాగీరథమ్మ పద్మనాభం గారి జేబులోంచి ఫోను లాక్కుంది.

"నంబరు చెప్పు అమ్మణ్ణీ" అంది, "ఈసారి నేను మాట్లాడతా."