మెడ వంచి తీసిన ఎక్స్‌రే

ఆ రోజు నేను నర్సీపట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో డ్యూటీలో ఉన్నాను. అనకాపల్లికి ట్రంకాల్ కావాలని ఎవరో అడిగితే నంబరు రాసుకోవడానికి తల వంచాను. మెడ వెనక నుంచి కరెంటు కొట్టినట్టు ఒక జలదరింపు వెన్నులోంచి అరికాళ్ళ దాకా జారిపోయింది. చేతిలో పెన్సిలు కింద పడింది. తల ఎత్తగానే ఏమీ లేదు. హెడ్‌ఫోన్ వైరు షాక్ కొట్టిందనుకుని మెకానిక్‌ని పిలిచాను. అతను అంతా విప్పి చూసి, "వైరు బాగానే ఉందండి" అన్నాడు.

అప్పటికి నాకు కీళ్ళ జబ్బు వచ్చి చాలా ఏళ్ళయింది. రెండో కాన్పు తర్వాత మొదలైంది. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి జడ వేసుకోవడం కష్టంగా ఉండేది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నారు. మాత్రలు మింగుతూ ఉద్యోగం చేసుకునేదాన్ని. మెడనొప్పి కూడా అందులో భాగమేననుకున్నాను.

తర్వాత ఆ కరెంటు తరచుగా రాసాగింది. చర్చిలో ప్రార్థనకు అందరూ తల వంచితే నేను మాత్రం నిటారుగా కూర్చునేదాన్ని. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి వేళ్ళు మాట వినేవి కావు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి ఇంట్లోకి వస్తుంటే మా అత్తయ్య నా కాళ్ళ వంక చూశారు.

"ఏటమ్మా, ఒక సెప్పు ఈదిలోనే ఒగ్గీసి వొచ్చీసావు? తెలీలేదా?"

తెలియలేదు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. కాలికి ఆ తేడా అందలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

అత్తయ్యది గొలుగొండ. మావయ్యగారు పోయాక మా దగ్గరే ఉండేవారు. ఆవిడా, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారైన మావారూ కలిసి మర్నాడే నన్ను ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. నిటారుగా కూర్చోబెట్టి పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. "ఎముకలు వరసలోనే ఉన్నాయమ్మా, కొద్దిగా అరుగుదల" అని డాక్టరుగారు మందులు మార్చారు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఫిల్ములో కనబడింది అంతే.

మందులకు తగ్గలేదు. ఎవరో చెబితే మెడలు సరిచేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి తల వెనక పెట్టాడు. తల కొంచెం ముందుకు వంగిందో లేదో రెండు కాళ్ళూ నావి కాకుండా పోయాయి. అత్తయ్య నా మొహం చూసి ఆయన చేతులు పట్టేసుకున్నారు.

"వద్దు బాబూ, ఒగ్గీ. మా పిల్ల మొగం తెల్లగా పాలిపోయింది. బేగి ఒగ్గీ."

ఆయన మంచివాడే, వెంటనే వదిలేశాడు. కాసేపటికి కాళ్ళలో స్పర్శ వచ్చింది. మావారు సెలవు పెట్టారు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి బస్సులో బయల్దేరాం. తాళ్ళపాలెం దాకా రోడ్డంతా గుంతలు. అత్తయ్య నా వెనక సీట్లో కూర్చుని, దుప్పటి మడత నా మెడకు ఆనించి పట్టుకునే వచ్చారు. మధ్యలో డ్రైవరుతో, "బాబూ, నెమ్మదిగా ఎల్లు, మా కోడలికి బాలేదు" అన్నారు. అతను అనకాపల్లి దాకా నెమ్మదిగానే నడిపాడు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు నా వేళ్ళు చూశారు, నడక చూశారు. "తల వంచితే ఏమవుతుంది?" అని అడిగారు. అంతవరకు ఎవరూ అలా అడగలేదు. చెప్పాను. ఆయన లేచి స్వయంగా నా మెడకు కాలర్ వేసి, స్ట్రెచర్ తెమ్మన్నారు.

"నడిచే వచ్చానండీ" అన్నాను.

"వచ్చారు. ఇక చాలు" అన్నారు.

ఎక్స్‌రే గదిలోకి ఆయన కూడా వచ్చారు. బరువైన సీసపు ఏప్రన్ వేసుకుని నా పక్కనే నిలబడ్డారు. ముందు మామూలుగా పక్కనుంచి ఒక లేటరల్ వ్యూ తీశారు. తర్వాత, "ఇప్పుడు తల ముందుకు వంచాలి. మీ అంతట మీరే వంచండి, ఎవరూ మిమ్మల్ని ముట్టుకోరు. కరెంటు వచ్చేలా అనిపిస్తే అక్కడే ఆగండి" అన్నారు. వంచాను. కొంచెం వంచేసరికే ఆగమన్నారు, ఫిల్ము తీశారు. వెనక్కి వంచి మరొకటి తీశారు. వాటిని ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ అంటారట.

ఫిల్ములు ఆరాక లైటు బాక్సు మీద పక్కపక్కన పెట్టి మమ్మల్ని పిలిచారు. నిటారుగా ఉన్నదాంట్లో నాకేమీ తేడా కనబడలేదు. వంచి తీసినదాంట్లో పై ఎముక ముందుకు జారి, మధ్యలో నల్లగా ఖాళీ కనబడుతోంది. డాక్టరుగారు అత్తయ్య చేతి గాజు ఒకటి అడిగి, అందులో తన పెన్ను నిలబెట్టారు.

"మెడలో మొదటి ఎముక ఈ గాజులాంటిది. రెండో ఎముక నుంచి ఇలా ఒక మేకు పైకి వచ్చి ఇందులో ఉంటుంది. రెండిటినీ పట్టి ఉంచే లిగమెంట్ ఈవిడ కీళ్ళ జబ్బు వల్ల సాగిపోయింది. తల వంచితే గాజు ముందుకు జారుతోంది. వెనకున్న స్పైనల్ కార్డ్ మధ్యలో నలుగుతోంది. ఆ రెండు ఎముకలూ కలిపి కట్టెయ్యాలి."

అత్తయ్య అడిగారు.

"బాబూ, ఆపరేషన్ సెయ్యకపోతే ఏటవుద్ది?"

"ఏదో ఒక రోజు కాలు జారి పడితే చాలు, చేతులూ కాళ్ళూ పడిపోవచ్చు. ఊపిరి కూడా ఆగొచ్చు."

అత్తయ్య తన గాజు తీసుకుని చేతికి వేసుకున్నారు. "అయితే సేసీయండి బాబూ. మంచాన పడితే నాను సూసుకుంటాను గానీ, ఊపిరి ఎక్కడ్నుంచి తెత్తాను?" అన్నారు.

ఆపరేషన్ వెంటనే చెయ్యలేదు. జారిన ఎముక ముందు తన చోటికి రావాలి. తలకు రెండు పక్కలా మత్తు సూది ఇచ్చి పటకారులాంటి ఇనప టాంగ్స్ బిగించారు. వాటికి తాడు కట్టి, మంచం తల వైపు బరువులు వేలాడదీశారు. కదలకుండా పడుకుని సీలింగ్ ఫ్యాను చూస్తూ గడిపాను. వార్డులోకే చిన్న ఎక్స్‌రే మిషను తెచ్చి ఫిల్ము తీసేవారు. మొదటి ఫిల్ముల్లో ఎముక జరగలేదు. డాక్టరుగారు దాచకుండా చెప్పారు. "వెనక్కి రాకపోతే దారి వేరమ్మా. నోట్లోంచి వెళ్ళి ఆ మేకును తియ్యాలి. దానికి మద్రాసు పంపిస్తాను."

ఆ మాట విన్నాక మొదటిసారి ఏడ్చాను. టాంగ్స్ వల్ల తల తిప్పుకోవడానికి లేదు, కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. అత్తయ్య పైటకొంగుతో చెవులు తుడుస్తూ, "ఏడిత్తే ఏడువు గానీ తల కదపకు" అన్నారు. నాకు నవ్వు వచ్చింది.

డాక్టరుగారు భుజాల కింద దుప్పటి మడిచి పెట్టించి, తాడు లాగే దిక్కును కాస్త మార్చారు. తర్వాత తీసిన ఫిల్ము పట్టుకుని ఆయనే మంచం దగ్గరికి వచ్చారు. "చూడండి, ఖాళీ మూసుకుంది. ఇక కట్టేస్తాను." ఆయన మొహంలో సంతోషం చూశాక నాకు ఫిల్ము చూడాల్సిన అవసరం అనిపించలేదు.

నడుము పక్క ఎముక నుంచి ముక్క తీసి, మెడ వెనక రెండు ఎముకల మధ్య పెట్టి స్టీలు వైరుతో కట్టారు. ఫ్యూజన్ అన్నారు. మెలకువ రాగానే వినబడిన మాట, "కాలి వేళ్ళు కదపండి." కదిపాను. "చేతులు." కదిపాను. ఆ గొంతు ఎవరిదో తెలియదు గానీ ఈనాటికీ ఆ మనిషికి దండం పెట్టుకుంటాను.

మెడకంటే నడుము గాయం ఎక్కువ బాధ పెట్టింది. అది చీము పట్టి, మాననంటూ చాలాకాలం సతాయించింది. తల నుంచి ఛాతీ దాకా సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు. నెలల తరబడి అత్తయ్యే అన్నం కలిపి పెట్టారు. మావారికి జడ వెయ్యడం రాలేదు, ఎంత నేర్పినా రాలేదు.

కట్టు తీశాక మళ్ళీ మెడ వంచమని, వెనక్కి వాల్చమని ఫిల్ములు తీశారు. ఈసారి పై ఎముకా కింద ఎముకా విడిపోకుండా కలిసే కదిలాయి. "ఒకే ఎముకైపోయింది" అన్నారు డాక్టరుగారు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఎక్స్ఛేంజ్‌లోనే పని చేస్తున్నాను. వేళ్ళ నొప్పులు పోలేదు, మాత్రలూ మానలేదు. కరెంటు మాత్రం మళ్ళీ రాలేదు. మెడ పూర్తిగా తిరగదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తాను. కొత్తవాళ్ళు పొగరనుకుంటారట, అత్తయ్య ఇంటింటికీ వెళ్ళి కారణం చెప్పి వస్తుంటారు.

నాలాంటి కీళ్ళ జబ్బున్న వాళ్ళకు ఒక్క మాట. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా, అది మెడకు సంబంధం లేనిదైనా సరే, మీ జబ్బు సంగతి ముందే డాక్టరుకు చెప్పండి. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వెయ్యడానికి తల వంచుతారు. మనకు స్పృహ ఉండదు, ఆగమని చెప్పలేం. మొన్న మా చర్చిలో ఒకావిడ గర్భసంచి ఆపరేషన్‌కు వెళ్తూ నాకు చెప్పి వెళ్ళడానికి వచ్చింది. ఆవిడ వేళ్ళూ నా వేళ్ళలాగే వంకరపోయి ఉన్నాయి. "మత్తు డాక్టరుకు ఈ చేతులు చూపించు. మెడ వంచి ఎక్స్‌రే తియ్యాలా అని అడుగు" అన్నాను. అడిగిందట. తీశారట. ఆవిడ మెడ బాగానే ఉందట. ఆ కబురు విని ఆ పూట అన్నం తృప్తిగా తిన్నాను.