అరకు రైలు ఇంటికొచ్చిన రోజు

ముందే చెబుతున్నాను, నా పరువు పోయిన కథ ఇది. మొహమాటపడకుండా నవ్వుకోండి. పెళ్ళాం అరకు చూపించమంటే, నేను అరకునే ఇంటికి మోసుకొచ్చిన ఘనుణ్ణి.

మా ఆవిడ నూకరత్నానిది దేవరాపల్లి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకి ఒకటే కోరిక. అరకు రైలెక్కాలి, సొరంగం రాగానే గట్టిగా కేకెయ్యాలి.

"అందరూ అరుత్తారంటండీ. నానూ అరవాలి" అనేది.

అయిదేళ్ళు "వచ్చే నెల" అంటూ నెట్టుకొచ్చేను. ఆరో ఏడు, బెల్లం మార్కెట్లో మా షావుకారు బోనస్ ఇచ్చేడు. నా బుర్ర ఊరుకుంటుందా? తిన్నగా వెళ్ళి అరవై అయిదు అంగుళాల టీవీ కొన్నేను. "ఏటి బాబూ, సినిమా హాలు తెరా?" అన్నాడు ఆటో అబ్బాయి.

"ఇదేటండీ?" అంది నూకరత్నం.

"అరకు! రైలయితే ఒక్క రోజులో అయిపోతాది. దిగేక ఏటుంటాది సేతిలో? ఇదయితే పదేళ్ళుంటాది. రోజూ అరకే!"

ఆమె ఆ అట్టపెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడే నేను భయపడాల్సింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, అగ్గిపెట్టెలాంటి గదిలో ఆ టీవీ పెట్టి చూడు అనడం మర్చిపోయేరు. దానికి సరిపోయే గోడ ఒక్కటే ఉంది, ఆ గోడకే కిటికీ ఉంది. కిటికీ మూసేసి టీవీ తగిలించేను. ఉన్న కిటికీ మూసి రైలు కిటికీ చూపించే మొనగాడు నాకు ముందు పుట్టలేదు, మళ్ళీ పుట్టడు.

సాయంత్రం అరకు రైలు వీడియో పెట్టి, ఆమెని కుర్చీలో కూచోబెట్టేను. రైలు కొండెక్కుతోంది. ఇంతలో టప్పున కరెంటు పోయింది. గదంతా కటిక చీకటి.

"ఓ...!" అని ఒక కేక!

పక్కింటి సత్తిబాబు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చేడు. వెనకాల వీధి వీధంతా.

"ఏటయింది బావా? పామా?"

చీకట్లోంచి నూకరత్నమే నిమ్మళంగా చెప్పింది.

"ఏటీ నేదన్నయ్యా. సొరంగం వచ్చింది."

అందరూ పడీపడీ నవ్వేరు. ఆమె కూడా నవ్వింది. కానీ సత్తిబాబు సెల్ఫోన్ లైటేసేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు కనబడ్డాయి. సిగ్గుతో చచ్చేననుకోండి.

మర్నాడే టీవీని సగం ధరకి సత్తిబాబుకిచ్చేసి, కిటికీ తెరిచేను. ఆ ఆదివారమే విశాఖ వెళ్ళి రైలెక్కేం. మొదటి సొరంగం వచ్చింది. పెట్టెలో ప్రతివాళ్ళూ అరుస్తున్నారు, మా ఆవిడ తప్ప. చీకట్లో ఆమె వైపు వంగేను. ఇంతలో చెవి దగ్గర మెల్లగా వినిపించింది.

"ఏటండీ, కరెంటు పోయిందా?"

రెండో సొరంగంలో ఇద్దరం కలిసి అరిచేం. మూడు రోజులు గొంతు లేదు. మార్కెట్లో సైగలతోనే పని నడిపించేను. ఆ కేక తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు పూడిమడక వెళ్ళి సముద్రం చూడాలంటోంది. నూకాలమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చేపల తొట్టి కొనను.