జమ్లి గొంతులో చుట్టం

ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న తండాలో జమ్లి నవ్వు తెలియనివాళ్లు లేరు. యాభై దాటిన మనిషి. ఆమె నవ్విందంటే పక్క వాడలో నిద్రపోతున్న పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. చావు ఇంటికి పోయినా, పోయినవాడు బతికుండగా చేసిన వెర్రిపని ఏదో గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తేది. ఆమె భర్త మంగీలాల్ ఆటో నడుపుతాడు. అతను నోరు విప్పడం అరుదు.

"ఇద్దరి మాటలు నేనే మాట్లాడ్త, ఇద్దరి నవ్వులు నేనే నవ్వుత. ఈయనకు ఆటో హారన్ ఉంది, చాలు" అనేది జమ్లి.

ఆ ఎండాకాలం కోడలు పుష్పతో కలిసి బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవికి పోయింది. మధ్యాహ్నానికే సీసాలో నీళ్లు అయిపోయాయి. వాగు ఎండిపోయి బండల నడుమ చిన్న మడుగు మిగిలి ఉంది. పుష్ప వద్దంటున్నా వినకుండా జమ్లి బోర్లా పడుకుని, నీళ్లకు నేరుగా మూతి ఆనించి కడుపునిండా తాగింది. ఫ్రిజ్ నీళ్లకు ఈ రుచి ఎక్కడిదంటూ లేచి మూతి తుడుచుకుంది.

కొన్నాళ్లకు గొంతులో ఏదో గిలిగింతలు పెట్టినట్టు మొదలైంది. తర్వాత గొంతు బొంగురుపోయింది. ఒకరోజు పొద్దున్నే పుష్ప చెప్పిన మాటకు పగలబడి నవ్వుతూ దగ్గింది. అరచేతిలో ఎర్రటి రక్తం పడింది.

"పంటి చిగురుదేమో అత్తా" అంది పుష్ప. నోరు పుక్కిలించి చూశారు. చిగుళ్లు శుభ్రంగానే ఉన్నాయి. మళ్లీ దగ్గితే మళ్లీ రక్తం.

మంగీలాల్ తండ్రి ఇలాగే రక్తం కక్కుకుంటూ పోయాడు. అది ఏ రోగమో అప్పట్లో ఎవరికీ తెలియలేదు. సంగతి విన్న మంగీలాల్ అన్నం ముట్టకుండా పోయి ఆటోలో కూర్చున్నాడు. కాసేపటికి లేచి వచ్చి, "నడువు, దవాఖానకు పోదాం. నాకు భయమైతుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి అన్ని మాటలు ఒక్కసారి రావడం చూసి, రక్తానికి భయపడని జమ్లి అప్పుడు భయపడింది.

పుష్ప కూడా వెంట ఆటో ఎక్కింది. ఇల్లందు దవాఖానాలో డాక్టర్ ఓపికగా అడిగాడు. సాయంత్రాలు జ్వరం వస్తోందా? బరువు తగ్గిందా? రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయా? బీడీలు తాగుతుందా? అన్నిటికీ లేదనే జవాబు. తెమడ పరీక్ష చేయించాడు, ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. రెండింటిలోనూ ఏమీ లేదు.

"టీబీ అయితే కనిపిస్తలేదు. కానీ దగ్గులో రక్తం పడిందంటే అంతా టీబీయే కాదు. ఊపిరితిత్తులల్ల నిమ్ము కావచ్చు, పాత పుండు కావచ్చు, గడ్డ కావచ్చు, గుండె జబ్బుతోని గూడ రావచ్చు. రక్తం ఎక్కడినుంచి వస్తుందో లోపలికి చూడాలె. ఆలస్యం చెయ్యకుండ ఖమ్మం పోండి" అన్నాడు.

మంగీలాల్‌కు టీబీ లేదన్న మొదటి మాట తప్ప మరేదీ వినపడలేదు. బయటికొచ్చి గేటు దగ్గర జామకాయలమ్మే ముసలమ్మకు వంగి దండం పెట్టాడు. ఆమె బిత్తరపోయి ఓ కాయ చేతిలో పెట్టింది. ఆటో ఎక్కగానే జమ్లి దగ్గింది. మళ్లీ ఎరుపే. మంగీలాల్ జామకాయ జేబులో వేసుకుని ఆటోను ఖమ్మం దారి పట్టించాడు.

ఖమ్మంలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టర్ ఫరహా చిన్న వయసు మనిషి.

"వాంతిలో పడుతుందా అమ్మా, దగ్గితే పడుతుందా?"

"దగ్గితేనే బిడ్డా. నొప్పి లేదు, జరం లేదు." జమ్లి ముందుకు వంగింది. "ఇంకోటి చెప్త, పిచ్చిదాన్ననుకోవద్దు. గొంతుల ఏదో తిరుగుతుంది. నేను పండుకుంటే అది లేస్తది."

డాక్టర్ నవ్వలేదు. "ఈ మధ్య వాగునీళ్లు తాగిండ్రా?" అని అడిగింది.

"మేకలెక్క మూతి పెట్టి తాగింది మేడం" అంది పుష్ప, ఇన్నాళ్ల కసి తీర్చుకుంటూ.

ముక్కులో మొద్దుబారే మందు చల్లి, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని లోపలికి పంపారు. ఎదురుగా తెరమీద జమ్లి గొంతు గులాబీ రంగు గుహలా కనిపించింది. మాట పుట్టే చోటికి కాస్త పైన, నల్లగా నిగనిగలాడుతూ ఏదో వేలాడుతోంది.

"అది కదిలింది" అన్నాడు మంగీలాల్.

"అవ్, జలగ" అంది ఫరహా. "దారమంత ఉన్నప్పుడు నీళ్లతోపాటు లోపలికి పోయింది. అది కరిచిన చోట రక్తం గడ్డకట్టనియ్యదు. అందుకే ఆగుతలేదు. తీసేస్తే తగ్గిపోతది."

గడ్డో పుండో అంటారని గుండె రాయి చేసుకుని కూర్చున్న జమ్లికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"నవ్వొద్దమ్మా. అది జారి ఊపిరిగొట్టంల పడితే ప్రాణం మీదికొస్తది."

నవ్వొద్దన్న కొద్దీ ప్రతిదీ నవ్వులాటే అయింది. నోరు తెరుచుకుని తెరకేసి చూస్తున్న భర్త ముఖం చూసి ఆమె భుజాలు కదిలిపోయాయి. పుష్ప మామను గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఆయన వీపు చూసినా జమ్లికి ఆగలేదు. చివరికి కళ్లు మూసుకుని, అత్తగారు బతికుండగా తిట్టిన తిట్లన్నీ వరసగా తలుచుకుని కుదురుకుంది. ఫరహా జలగ మీద కూడా మొద్దుబారే మందు చల్లింది. పొడవాటి పట్టుకారుతో అందుకోబోతే ఓసారి జారింది. రెండోసారి దొరికింది. మెల్లగా బయటికి లాగి స్టీలు గిన్నెలో వేస్తే, వేలంత పొడుగు సాగింది.

"నా పెండ్లాం రక్తం తాగి ఎంత బలిసింది చూడు" అన్నాడు మంగీలాల్. అంతే, గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. డాక్టర్ కూడా.

కరిచిన చోటు నుంచి రక్తం రావడం లేదని చూసుకుని సాయంత్రానికి పంపించారు. నీళ్లు కాచి, వడగట్టి తాగాలని చెప్పారు. దారి పొడుగునా మంగీలాల్ ఆటో ఎక్కినవాళ్లందరికీ జలగ సంగతి చెప్పాడు. వెనక సీట్లో జమ్లి, నోరు తిమ్మిరెక్కి, మాట సరిగా రాక, మొదటిసారి ఆయన మాటలు వింటూ కూర్చుంది.

వానలు పడ్డాక పొరుగింటి పూల్‌సింగ్ తువ్వాలు మీద రక్తపు మరక జమ్లి కంటపడింది. అతను దాచబోయాడు.

"నాది గూడ జలగనే అయ్యుంటది వదినా."

"జలగైతే తీపిస్త, టీబీ అయితే గోలీలు మింగిస్త. దాస్తే మాత్రం నేనే సంపుత. ఆటో ఎక్కు" అంది.

అతనిది టీబీయే. ఆరు నెలలు రోజూ పొద్దున ఆమె ఎదురుగా నిలబడి, మాత్ర మింగాక నోరు తెరిపించి మరీ చూసింది. ఎముకల గూడులా ఉన్నవాడు మెల్లగా ఒళ్లు చేశాడు. ఆఖరి పరీక్షలో క్రిములు లేవని చెప్పిన రోజు పూల్‌సింగ్ దవాఖానా ముందే ఆటో పైకెక్కి ఆడటం మొదలుపెట్టాడు. రేకు సొట్టపోతుందని కింద నుంచి మంగీలాల్ మొత్తుకుంటుంటే, జమ్లి రోడ్డు మీదే చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది.