మేడం ఖాళీ వదిలిన లైను

నాంపల్లి స్టేషన్ రోడ్డులో, ఒక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో, అందరూ మేడం అని పిలిచే ఒకావిడ జాబ్‌వర్క్ సెంటర్ ఉండేది. కిరాయి అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, బయోడేటాలు టైపు చేసి ఇచ్చేది. ఎవరి కాగితమైనా సరే, ప్రింటు తీయగానే చేతికిచ్చి పంపేది కాదు. మనం దాన్ని ఆమె ముందు నిలబడి గట్టిగా చదవాలి, కామాలు ఫుల్‌స్టాపులతో సహా. ఆమె పెన్సిల్ పట్టుకుని మన రాతప్రతిలో వెంట వెంట చూసుకుంటూ పోయేది. ఇంటి నంబరులో ఒక్క అంకె తప్పు పడితే మనిషి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలని ఆమె భయం. మెదక్ దగ్గర మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. అక్కడ బైబిల్ వాక్యం కూడా అట్లాగే నిలబెట్టి చదివించేవారట.

ఈ పద్ధతి నాకు మొదటిరోజే ఒళ్లు మండించింది.

అప్పటికి నా ఉద్యోగం పోయి ఐదు వారాలు. అమెరికాలో కంపెనీలు వరసగా మూతపడుతున్న కాలం. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసుకు వచ్చే పని ఆగిపోయింది. ఒక రోజు మధ్యాహ్నం, ఇంకా భోజనాలైనా కాకముందే, లోపలికి పిలిచి కవరు చేతిలో పెట్టారు. ఆ సంగతి మా అక్కకు చెప్పలేదు. అక్క చాదర్‌ఘాట్‌లో స్కూలు టీచరు. అమ్మానాన్న పోయాక నన్ను చదివించింది ఆమే. తమ్ముడు కంప్యూటర్ ప్రోగ్రామర్ అని వాళ్ల స్టాఫ్‌రూములో తెలియని వాళ్లు లేరు. రోజూ పొద్దున టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. నేను ఆ డబ్బా పట్టుకుని అఫ్జల్‌గంజ్‌లో లైబ్రరీకి పోయి, పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు వెతుక్కునేవాణ్ణి. అక్కకు తెలిసేలోగా ఇంకో ఉద్యోగం దొరకాలి. దొరికితే అసలు చెప్పే పనే ఉండదని నా లెక్క.

ఆ రోజుల్లో బయోడేటాలో లేని అనుభవం రాసుకోవడం పెద్ద తప్పుగా ఎవరూ అనుకునేవారు కాదు. 'ఎన్నేళ్ల ఫేక్ పెట్టినవ్?' అని బాగోగులు అడిగినట్టు అడిగేవారు. నేనూ పెట్టాను. మూడేళ్లుగా ఒక బెంగళూరు కంపెనీలో సీనియర్ ప్రోగ్రామర్‌ని, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను అని. మేడం నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే టైపు చేసింది, ప్రింటు తీసింది, పెన్సిల్ అందుకుంది.

"చదువు బాబు."

పేరు, చదువు, ఊరు గడగడా చదివాను. ఆ లైను దగ్గరికి రాగానే గొంతు సన్నబడింది. వెనక బెంచీ మీద అఫిడవిట్ కోసం కూర్చున్న ఒక పెద్దాయన తల పైకెత్తి చూశాడు.

"వినపడలే. మల్ల చదువు."

"అది కరెక్టే మేడం. నేను తర్వాత చూసుకుంటా."

"నా ముందట చదవనీకె వస్తలేదు. గాడ ఇంటర్వ్యూల ఎట్ల చెప్తవ్?" అంది. కోపం లేదు, వెటకారం లేదు. ఫైలు తెరిచి ఆ లైను కొట్టేసింది. "జాగ ఖాళీ పెడుతున్న. ఏం రాయాల్నో అనుకోని రా."

చాదస్తం అనుకున్నాను. విసురుగా మెట్లు దిగి, ఆబిడ్స్‌లో ఇంకో చోట అడిగిందే టైపు చేసి ఇచ్చే దుకాణం చూసుకున్నాను. ఆ కాగితంతో ఇంటర్వ్యూకు వెళితే, ఆ కంపెనీలో మీ మేనేజర్ ఎవరండీ అని అడిగారు. నాకు పేరు తట్టలేదు. కనీసం ఒక పేరు అనుకుని వెళ్లే తెలివి కూడా లేకపోయింది. వాళ్లు మర్యాదగా మంచినీళ్లు ఇచ్చి పంపించారు.

వారం తర్వాత మళ్లీ మేడం దగ్గరికే పోయాను. ఏమైందని అడగలేదు. మధ్యాహ్నం కదా, డబ్బా విప్పమంది. ఆమె రొట్టెలు, మా అక్క పప్పు ఇద్దరం పంచుకున్నాం. అప్పుడు చూశాను, గోడ వారగా ముసుగులు కప్పిన టైప్‌రైటర్లు. అది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటట. ఆబిడ్స్ ఆఫీసుల్లో సగంమంది ఆమె దగ్గర నేర్చుకుని లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసైనవాళ్లే. కంప్యూటర్లు వచ్చాక గది ఖాళీ అయింది. యాభై ఏళ్ల వయసులో, తన దగ్గర టైపు నేర్చుకున్న పిల్లల పక్కన కుర్చీ వేసుకుని, మౌసు పట్టడం దగ్గర్నుంచి నేర్చుకుంది.

"సిగ్గనిపియ్యలేదా మేడం?"

"ఎందుకనిపియ్యదు? రెండు దినాలు అనిపిచ్చింది."

నాది ఒక ఉద్యోగం పోయింది, ఈమెది చేతిలో ఉన్న విద్యే పోయింది. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు గౌరవం పెరిగింది గానీ తగ్గింది లేదు.

లైబ్రరీ మానేసి అక్కడే కూర్చోవడం మొదలుపెట్టాను. పోయిన ఏడాది అగ్రిమెంట్ కావాలని ఎవరైనా వస్తే ఆమె ఫ్లాపీల పెట్టెలన్నీ గాలించేది. మనిషి పేరు కొడితే ఏ ఫ్లాపీలో ఏ ఫైలో చూపించే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. "తండ్రి పేరు గూడ అడగమను. అఫిడవిట్ల గట్లనే రాస్తం గద" అంది. ఆ తర్వాత మళ్లీ తప్పు రాలేదు.

ఒకనాడు నా బయోడేటా తనే తెరిచింది. ఖాళీ లైనులో నన్ను అడగకుండానే టైపు చేసి, చదవమంది. మార్చి నుంచి ఉద్యోగం లేదు, ఈ మధ్యలో ఒక టైపింగ్ సెంటర్‌కు పాత కాగితాలు వెతికే ప్రోగ్రాం రాశాను, అది రోజూ వాడుకలో ఉంది. ఇంగ్లీషులో సరిగ్గా ఇంతే. గొంతు తగ్గకుండా చదివాను. పెన్సిల్ ఎక్కడా ఆగలేదు.

ఆబిడ్స్‌లో తర్వాతి ఇంటర్వ్యూలో నా పాత కంపెనీ గురించి రెండు ముక్కలు అడిగి వదిలేశారు. అరగంటసేపు ఆ ఫ్లాపీల సంగతే. ఒకే పేరుతో ఇద్దరుంటే ఏం చేస్తారని అడిగినప్పుడు మేడం చెప్పిన మాటే చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

ఆర్డరు కాగితం చదివి వినిపిద్దామని పరుగున మెట్లెక్కాను. ఆమె పెన్సిల్ ముట్టుకోలేదు.

"నాకెందుకు బాబు? మీ అక్క ముందట చదువు. బయోడేటా గూడ పట్టుకపో."

అక్క సాయంత్రం నోటుబుక్కులు దిద్దుతోంది. ఆర్డరు చదివాను. ఎర్రపెన్ను ఆగింది.

"ఒకటో తారీఖు చేరుడేంది? మరి ఇప్పుడు చేస్తున్నదో?"

బయోడేటా తీసి ఆ లైను చదివాను. కామాతో సహా. సగంలో ఏడుపొచ్చినా ఆపకుండా చదివేశాను.

అక్క ఎర్రపెన్నుకు మూత పెట్టి, నోటుబుక్కులు పక్కకు జరిపింది. తర్వాత, "గిన్ని నెలలు నేను కట్టిన డబ్బా యాడ తిన్నవ్ రా?" అంది.

"మొదట్ల లైబ్రరీ మెట్ల మీద. తర్వాత మేడం దుకాణంల. ఇద్దరం తిన్నం."

మర్నాడు పొద్దున నా చేతికి రెండు డబ్బాలు ఇచ్చింది. ఒకటి ఇంకా వేడిగా ఉంది.

"గిది ఆమెకు. చల్లారకముందే ఇయ్యి."