వెళ్ళొస్తా

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి, పాచికలతో మాయాలోకపు ఆట ఆడించేది వదినే. పరదా రింగులకు రాగితీగ చుట్టి మాయ ఉంగరాలు చేస్తుంది. ఉంగరం తొడుక్కుని “వెళ్ళొస్తా” అంటే ఆటలోని వీరుడు కోరిన కోటలో తేలి, మళ్ళీ తిరిగొస్తాడు. “వెళ్తా” అంటే ఇక రాడు. ఆ మాట దగ్గర ఆవిడ ఎవరికీ మొహమాటపడదు. కళ్ళజోడు నుదుటికెక్కించి, చెవులు రిక్కించి వింటుంది. మొన్న మరిది తొందరలో “నే వెళ్తా” అనేశాడు. ఆవిడ బల్లమీదున్న అతని వీరుడి బొమ్మను డబ్బాలో వేసి మూతపెట్టింది. “చచ్చానా వదినా? పోనీలే, బయట పనుంది,” అని నవ్వుతూ అతను బండి తాళాలు అందుకున్నాడు. “వెళ్ళొస్తానని చెప్పవయ్యా!” అంటూ ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. బండి చప్పుడులో వినపడక, అతను “వెళ్తా వదినా” అని చెయ్యూపాడు. బొమ్మను మళ్ళీ బల్లమీద పెడదామని ఆవిడ గబగబా డబ్బా తెరిచింది. డబ్బా ఖాళీగా ఉంది.