పొట్టిది సేపాలంటే నా సీర కావాల

మదనపల్లెలో ఆ వార్డుకు నన్ను తెచ్చి పండేసిన పొద్దు నా కుడిసెయ్యి, కుడికాలు రెండూ నా మాట ఇనేవి కావు. పచ్చవాతం. ముందు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులుంటిని. ఇంగ ప్రాణానికేం భయం లేదని సెప్పినాక, లేసేది, నడిసేది మళ్ళా నేర్పేదానికి ఈడికి పంపించినారు. వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కది నాది. తోడుగా నా కూతురు ఉండింది.

రెండో పొద్దు ఒక పిల్ల అట్టా పెన్నూ పట్టుకోని వచ్చింది. కుప్పం పిల్ల. మాకు కసరత్తు నేర్పేది ఆ పిల్లే. "ఇంటికి పొయ్యేలోపల మీకు ఏం సేసుకోను రావాల?" అని ఒకొక్కరినీ అడిగి రాసుకుంటా వచ్చింది. పక్కమంచంలో ఉండే కలకడ ఊరామెను కలకడక్క అంటాం, తుంటెముక ఇరిగి ఆపరేషన్ అయిన మనిషి. "బాత్రూముకు ఒకదాన్నే పోతే సాలమ్మా" అని రాయించింది. నేను రవ్వంత గూడా ఆలోచన సెయ్యలేదు. "పొట్టిదాని కింద గొంతుక్కూర్చోని రెండు సేతుల్తో పాలు పిండల్ల" అంటిని. నోరు ఒకపక్కకు లాగి ఉండాది కదా, మూడుతూర్లు సెప్తే గానీ ఆ పిల్లకు అర్థం కాలేదు.

"పొట్టిది అంటే ఎవురక్కా?"

"మా ఆవు. పుంగనూరు ఆవు."

"స్టూలు ఏసుకోని పిండకూడదా?"

నాకు కోపం వచ్చింది. ఆ ఆవు నా నడుము ఎత్తు గూడా లేదు. స్టూలు మింద కూర్చుంటే నా తల దాని ఈపు పైన ఉంటాది, పొదుగు యాడో కింద నా పాదాల కాడ ఉంటాది. "నువ్వు ఎప్పుడన్నా పుంగనూరు ఆవును సూసినావా పాపా?" అని అడిగితే, ఫోన్లో సూసినానని సెప్పింది. "సూసింది సాల్లే, రాయి" అంటిని. రాసుకునింది.

నాకు యాల అంత పట్టు అంటే, పొట్టిది ఈని అప్పటికి రెండు నెలలు. తొలిసూలు నుంచీ దాని పొదుగు మింద నా సెయ్యి తప్ప ఇంకొకరి సెయ్యి పడలేదు. తప్పు నాదే. ఒకర్ని గూడా దగ్గిరికి రానియ్యకుండా, "నాకు తప్ప అది సేపదు" అని ఊరంతా గొప్పలు సెప్పుకుంటా తిరిగితిని. నేను మంచాన పడినాక సూస్తే అది నిజంగానే ఎవురికీ సేపలేదు, పాలు దించలేదు. దూడ నోరు పెడితే పాలు ఇడుస్తాది, మనిషి సెయ్యి తగిలితే బిగబట్టేస్తాది. అట్లే ఉంటే పాలు రోజురోజుకీ తగ్గిపొయ్యి ఆవు వట్టిపోతాది. మాయన సదుంలో ఆఫీసు అటెండరు, ఫైళ్ళు మోసిన సేతులే గానీ పాలు పిండిన సేతులు కావు. "నువ్వు ఇంటికొచ్చేదాకా ఎట్లో ఒకట్ల సూస్తా" అని ఫోన్లో సెప్పినాడు. "వచ్చినాక గూడా నువ్వు పిండలేకపోతే రామసముద్రంలో మా సెల్లెలింటికి తోలేస్తాం. ఆయమ్మ బండి తీసుకోని వస్తానంటాంది." మంచిగానే సెప్పినాడు. నాకు మాత్రం నన్నే బండెక్కించి పంపిస్తాండారు అనిపించింది. ఆ పొద్దంతా గోడపక్కకు తిరుక్కోని పండుకుంటి, కూతురు పలకరిస్తే గూడా కసురుకుంటి.

ఆ ఆదివారం మాయన కుంటుకుంటా వార్డులోకి వచ్చినాడు. మోకాలికి కట్టు కట్టుకోని ఉండాడు. పొట్టిది తన్నిందంట. "ఏమప్పా, నువ్వు గూడా ఈడే సేరతావా?" అని కలకడక్క ఎగతాళి సేసింది. ఆయన నా మంచం కాడికొచ్చి గొంతు తగ్గించి, "నీ సీర ఒకటి ఇయ్యి" అన్యాడు.

"సీరలు బీరువా నిండా ఉండాయి కదయ్యా."

"అవి ఉతికినవి. నాకు ఉతకనిది కావాల."

ఆ మాట కుప్పం పిల్ల సెవిలో పడింది. కలకడక్క కాలు పట్టుకోని వంచతా ఉండిన పిల్ల, ఆ కాలు అట్లే పట్టుకోని, కండ్లు సెమ్మ సేసుకోని, "నీ మింద ఎంత ప్రేమక్కా" అనింది. వార్డంతా ఒకటే నగు. పాపం ఆ పిల్లకేం తెలుసు. ఆడమనిషికి అలవాటైన ఆవును మొగోడు పిండాలంటే, మా దిక్కు ఊర్లల్లో ఆమె కట్టి ఇడిసిన సీర సుట్టుకోని పోతారు. ఆ వాసనకు ఆమే వచ్చిందనుకోని ఆవు నిలబడతాది. కలకడక్క నగి నగి, పక్క పట్టుకోని, "తలమింద ముసుగు గూడా ఏసుకో అప్పా, ఆ మీసాలు సూసిందంటే రెండో మోకాలు గూడా పోతాది" అని మాయనకు బుద్ధులు సెప్పింది.

నా సంచిలో అడుగున ఒక నీలం సీర ఉండాది. నేను కొట్టంలో పడిపోయిన పొద్దు కట్టుకోనుండిన సీర అది. దాన్ని సూస్తే నాకు ఆ పొద్దు గుర్తొస్తాది, అందుకే కూతుర్ని బయటికి తియ్యనీలేదు. ఇప్పుడు అదే తీయించి ఇప్పిస్తి. పెండ, పాలు, సెమట, అన్ని వాసనలూ దాంట్లో అట్లనే ఉండాయి. మాయన దాన్ని మడత పెట్టి, ఆఫీసు కవర్లో ఏసుకోని, సంకలో పెట్టుకోని పోయినాడు.

మరుసటి పొద్దున ఐదున్నరకే ఫోన్ వచ్చింది. సీర సుట్టుకోని పోతే పొట్టిది తన్నలేదంట, మూతి పెట్టి వాసన సూసి గమ్మున నిలబడిందంట. అయినా సేపలేదు. "నీ గొంతు గూడా కావాలేమో, మాట్లాడు" అని, ఫోన్ స్పీకర్లో పెట్టి బొడ్డుకాడ సీరలో దోపుకున్యాడు. మంచం మింద పండుకోని, వంకర నోటితో, "బా తల్లీ, హా, హా, నా బంగారు తల్లీ" అని మొదలుపెడితి. మాట ముద్దగా వస్తాంది. నాకే నా గొంతు కొత్తగా ఉండాది, ఇంగ ఆవు యాడ గుర్తుపడతాది అనుకుంటి. నోరు నొప్పి పుట్టేదాకా పిలిస్తిని. అప్పుడు ఫోన్లో సర్రుసర్రుమని సెంబులో పాలు పడిన సప్పుడు ఇనపడింది. నా కండ్లలో నీళ్ళు కారిపోయినాయి. వార్డులో లేసేదానికి అయినోళ్ళు లేసి కూర్చున్యారు, కానోళ్ళు పండుకోనే సప్పట్లు కొట్టినారు. వాళ్ళల్లో ఇద్దరికి ఒక సెయ్యే ఆడతాది, మంచం కమ్మీ మింద కొట్టినారు.

అప్పటినుంచి అదే పని. పొద్దన్నే, సందకాడ నేను ఫోన్లో ఆవుతో మాట్లాడల్ల, మాయన సీర కట్టుకోని పిండల్ల. పది రోజులకు పెద్ద డాక్టరు వచ్చి, "నోరు బాగా తిరగతాందే, ఏం సేస్తాండావమ్మా?" అని అడిగినాడు. నేను నోరు తెరిసేలోపలే, "ఆవుతో మాట్లాడతాంది సార్" అని ఐదు మంచాలోళ్ళూ ఒకేతూరి సెప్పినారు.

కుప్పం పిల్లకు అప్పుడు హుషారు పుట్టింది. ఒక రబ్బరు గ్లౌజులో నీళ్ళు నింపి, వేళ్ళ కొసల్లో సూదితో బొక్కలు పొడిసి, కుర్చీ కింద కట్టేసింది. "ఇదో అక్కా, నీ పొదుగు" అనింది. దానికి ఐదు సన్నులు ఉండాయని నేను తప్పు పడితే, ఒక వేలు మడిసి ముడేసింది. ఎడమసెయ్యితో ధార బాగా వచ్చింది. కుడిసెయ్యి పట్టుకుంటాది గానీ ఇడవదు. పాలు పిండేదంటే పట్టుకునేదే అనుకుంటాంటిని ఇన్నేండ్లు, దాంట్లో సగం పని ఇడిసేదే అని నాకు ఆ వార్డులో తెలిసింది. గొంతుక్కూర్చునేది నేర్చుకునేటప్పుడు ఎన్నితూర్లు ఎనక్కి పడితినో లెక్కలేదు. పడినప్పుడంతా కలకడక్క నగుతాది. ఆయమ్మ వాకర్ పట్టుకోని నడిసేటప్పుడు నేను నగి తీర్సుకుంటి. నెల తిరిగేతలికి కమ్మీ పట్టుకోని దిగి, రవ్వంతసేపు కూర్చోని, మళ్ళా లేస్తాంటిని. కుడివేళ్ళు గూడా నిదానంగా ఇడిసేది నేర్చుకున్యాయి.

ఒకటి మాత్రం రాలేదు. కుడిపాదంలో స్పర్శ లేదు. కుప్పం పిల్ల రెండు సీసాలు తెస్తాది, ఒకటి స్టీలుది, ఒకటి ప్లాస్టిక్కుది. ఒక దాంట్లో ఏన్నీళ్ళు, ఒక దాంట్లో సల్లనీళ్ళు. నన్ను కండ్లు మూసుకోమని, ఒకొకటే పాదానికి ఆనించి, వెచ్చనా సల్లనా అని అడగతాది. నాకు వెచ్చనా తెలీదు, సల్లనా తెలీదు. తెలీదంటే ఇంటికి పంపించరేమో, ఈలోపల రామసముద్రం బండి వచ్చేస్తాదేమో అని భయం. అందుకే రెప్ప సందులోనుంచి సూసి సెప్తాంటిని. ఏన్నీళ్ళు ఎప్పుడూ స్టీలు సీసాలోనే ఉంటాయి. స్టీలు కనపడితే "వెచ్చగా ఉండాది పాపా", ప్లాస్టిక్కు కనపడితే "సల్లగా ఉండాది". ఆ పిల్ల సంతోషపడి రాసుకునేది.

నాలుగు రోజులు అట్ల జరిగింది. ఐదో పొద్దు స్టీలు సీసా ఆనించినప్పుడు, "వెచ్చగా ఉండాది" అంటిని. ఆ పిల్ల సీసా తీసి నా ఎడమసేతిలో పెట్టింది. ఐసునీళ్ళు. నీళ్ళు మార్చేసింది.

ఆ పిల్ల అరవలేదు, అరిసింటే బాగుండు. "అక్కా, రేపు పొయ్యి కాడ నిప్పు మింద కాలు పెడితే నీకు తెలీదు. కాలు కాలి పుండైతే మళ్ళా ఈడికే వస్తావు. నన్ను మోసం సేస్తే నాకేం పోదు" అనింది. నా కూతురికంటే సిన్నది. నేను సిగ్గుతో సచ్చిపోతి. ఆవు సంగతి, బండి సంగతి అంతా సెప్పేస్తి. "అది నాకు ముందే సెప్పకూడదా?" అని నా పక్కన కూర్చునింది. "పాలు పిండేదానికి సెయ్యి కావాల, నడుము కావాల. పాదం తెలీకపోయినా కూర్చోవచ్చు, సూసుకోని పెట్టుకోవాల అంతే. కానీ నాకు నిజమే సెప్పల్ల." సరేనని ఆ పిల్ల సేతిలో సెయ్యి ఏస్తిని.

ఆ పొద్దునుంచి రోజూ "తెలీలేదు" అంటిని, ఆ పిల్ల "తెలీలేదు" అని రాసుకునింది. ఇంటికి పంపించిన పొద్దు గూడా అంతే. "స్పర్శ వస్తే రావచ్చు అక్కా, రాకపోనూవచ్చు. వస్తే మాత్రం ఎన్ని గంటలైనా నాకు ఫోన్ సెయ్యి" అనింది. కలకడక్క వాకర్ ఏసుకోని వాకిలిదాకా వచ్చింది. "బాత్రూముకు పోతే సాలంటివి కదా, వాకిలిదాకా వచ్చినావే" అంటే, "నీ ఆవు కూతలకు నిద్ర పట్టక నడక నేర్చుకుంటి లేమ్మే" అనింది.

ఇంటికి సేరేతలికి సందకాడ అయింది. కారు దిగి, కట్టె పట్టుకోని, నేరుగా కొట్టంలోకే పోతి. నైటీలో ఉండాను, ఒంటినిండా ఆసుపత్రి వాసన. పొట్టిది నన్ను సూసి ముక్కు ఎగబీల్చి, కొమ్ములు తిప్పింది. రెండు అడుగులు పక్కకు జరిగింది. ఆ తర్వాత మాయన నీలం సీర సుట్టుకోని, ముసుగేసుకోని వస్తే, పొయ్యి ఆయన సెయ్యి నాకింది. నేను ఏడ్సేదా నగేదా అని తెలీక రెండూ సేస్తిని.

"ఇప్పు ఆ సీర" అంటిని.

మాయన సీర ఇప్పి, నైటీ పైన నాకు సుట్టినాడు. అన్ని రోజులు ఆయన కట్టిన సీర, ఆయన సెమట గూడా దాంట్లో కలిసి ఉండాది. పొట్టిది శానాసేపు వాసన సూసింది. "బా తల్లీ" అంటిని. సెవులు ఎనక్కి పెట్టి నిలబడింది. గుంజ పట్టుకోని నిదానంగా దిగి గొంతుక్కూర్చుంటి. మాయన నా ఎనకాల రెండు సేతులూ సాపి నిలబడినాడు, కానీ పట్టుకోలేదు. ఎడమసేతి ధార సెంబులో సక్కగా పడింది. కుడిసేతితో సన్ను పట్టుకుంటి. పట్టుకోని, నొక్కి, ఇడిస్తి. ఏమీ రాలేదు. ఇంకోతూరి పట్టి ఇడిస్తి. మూడోతూరి ధార వచ్చింది. వంకరగా వచ్చి, సెంబు తప్పి, నా కుడిపాదం మింద పడింది.

నేను కదలకుండా ఉండిపోతి. మాయన, "సెంబు ఈడుంటే ఆడ పిండతావేమే" అన్యాడు. కావాలనే ఇంకో ధార పాదం మిందికే పిండితి. ఆ పైన కండ్లు మూసుకోని ఇంకొకటి.

"ఫోన్ ఇయ్యి" అంటిని. అట్లే కూర్చోని కుప్పం పిల్లకు సేస్తిని. "పాపా, కుడికాలు మింద పాలు పడినాయి. వెచ్చగా ఉండాయి. కండ్లు మూసుకోనే సెప్తాండాను."

ఆడ పేపరు తిప్పిన సప్పుడు ఇనపడింది. తర్వాత, "ఇంకోతూరి సెప్పక్కా, రాసుకుంటాను" అనింది. ఇంకోతూరి సెప్తి. నా ఎనకాల మాయన, రామసముద్రం బండిని రావద్దని సెప్పేదానికి, నేను ఫోన్ ఎప్పుడిస్తానా అని కాసుకోని ఉండాడు.