కొలత తీయని కోటు

టేపు ముట్టుకోకుండా కోటు కుట్టగల మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కతే ఉందనీ, ఆ ఒక్కతీ తానేననీ కత్తెరమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టి, కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూసి "తిరుగు" అనేది. ఎంత పెద్దమనిషైనా తిరగాల్సిందే. "చాలు. వచ్చే వారం రా" అనేది. ఛాతీ ఎంత, నడుమెంత, ఎవరి మెడ ముందుకు వాలింది, ఎవరు కొత్తగా వచ్చిన పొట్టను ఊపిరి బిగబట్టి దాస్తున్నారు, అన్నీ ఆ చూపులో పడిపోయేవి. టేపు వేసి కొలిచే దర్జీల మాటెత్తితే ఆమె పెదవి ఒక పక్కకు వంకర తిరిగేది. "చీకట్లో గోడ తడుముకునే రకం" అనేది.

ఆమెకూ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. పిలిచేవాళ్ళు లేక అది ఎటో పోయింది. వీధికి కత్తెరమ్మ, చెల్లెలికి అక్క, కోడలికి అత్తయ్య.

కొట్టు ఒకే గది. ముందు అద్దాల తలుపు, అడ్డంగా పొడవాటి కత్తిరించే బల్ల, దాని వెనక రెండు మిషన్లు, మూలన ఇస్త్రీ బల్ల. దర్జీ కొట్లో కత్తెర ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళది. కుట్టేవాళ్ళూ, గుండీలు వేసేవాళ్ళూ, ఇస్త్రీ చేసేవాళ్ళూ ఆ తర్వాతే. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, తెగిన గుడ్డ మళ్ళీ అతకదు కదా. కత్తెరమ్మ కోడలు ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ మిషన్ వెనకే కూర్చుంది. బల్ల ఇవతలికి రమ్మని అత్తగారు ఒక్కసారి కూడా అనలేదు. కొడుకు లారీ తోలుతూ నెలలో సగం రోడ్ల మీదే ఉంటాడు గనుక అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

అలాంటి రాజ్యానికి ఈ ఏడు బీట పడింది. మొదట ఒకాయన ప్యాంటుకు కత్తెరమ్మ రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించింది. "వాడి నడకే అంత" అని తేల్చేసింది. తర్వాత లావాటి కరెంటు మేస్త్రీ చొక్కా కొలతా, అతని బక్క తమ్ముడి చొక్కా కొలతా తారుమారయ్యాయి. "ఇద్దరూ ఒకేసారి వచ్చి నిలబడితే ఎవరి తప్పు?" అంది.

ఆ రోజు కోడలు మిషన్ ఆపింది. కోడలు గొంతు పెంచే మనిషి కాదు. దారం కొరికి, ఆ ముక్కను జాగ్రత్తగా డబ్బాలో వేసి, అప్పుడు మాట్లాడింది.

"అత్తయ్యా, ఇంకొక్క గుడ్డ పాడైతే కత్తెర నేను తీసుకుంటాను. మీ అబ్బాయికి కూడా చెప్పాను."

"వాడెవడే మధ్యలో? స్టీరింగ్ తిప్పేవాడికి కత్తెర సంగతి ఏం తెలుసు?"

"ఆయనకేం తెలీదు. నాకు తెలుసు. అందుకే నేను తీసుకుంటానన్నాను."

కత్తెరమ్మ నవ్వింది. ఆ నవ్వు వింటే పాలు విరిగిపోతాయి. "తీసుకో తల్లీ, తీసుకో. నువ్వు కత్తిరించిన కోటు తొడుక్కోవడానికి ముందు మనిషి పుట్టాలి" అంది. అంది గానీ, ఆ వేళ నుంచి కత్తెర సొరుగులో పెట్టడం మానేసి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుని తిరగసాగింది.

ఇక చెల్లెలి సంగతి. మేడ మీద చిన్న గదిలో ఆవిడ కాపురం. నోట్లో నాలుక లేని మనిషి, దైవభక్తి ఉన్న మనిషి. భర్త పోయాక అక్క పంచన చేరింది. ఆ మధ్య గ్రంథాలయం పై అంతస్తులో పెద్దవాళ్ళకు మతిమరుపు రాకుండా ఏవో పాఠాలు చెబుతున్నారంటే వెళ్ళి చేరింది. అప్పటినుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పొద్దున్నే ఎడమ చేత్తో తల దువ్వుకునేది. కూరగాయలకు చీటీ లేకుండా వెళ్ళి, కావాల్సినవన్నీ మనసులో తలుచుకుంటూ తెచ్చేది. రోజూ వెళ్ళే సందు వదిలి ఇంకో సందులోంచి నడిచేది. ఈ వయసులో కొత్త పాట ఒకటి, చరణం తర్వాత చరణం, నేర్చుకునేది.

"ఆ తలేంటే? పక్షులు గూడు పెట్టాయా అందులో?" అనేది కత్తెరమ్మ.

"ఎడమ చెయ్యి కదక్కా, ఇంకా అలవాటు కాలేదు."

"దేవుడు కుడి చెయ్యి ఇచ్చింది ఎందుకట? అలంకారానికా?"

సాయంత్రం ప్రార్థనలో చెల్లెలు ఆ పూట నుంచి వెనక్కి, పొద్దున లేచినప్పటి దాకా, ఎవరెవరు తనకేం మంచి చేశారో ఒక్కటొక్కటే తలుచుకుని దేవుడికి చెప్పుకునేది. సంచి పట్టుకుని రోడ్డు దాటించిన అమ్మాయి, ఒక టమాటా ఎక్కువ వేసిన కొట్టువాడు, వేడినీళ్ళు కాచి పైకి తెచ్చిన కోడలు. రోజును వెనక నుంచి గుర్తు చేసుకోమని పాఠాల మాస్టారు చెప్పాడట.

"అవన్నీ దేవుడికి తెలీవనా నువ్వు చెబుతున్నావు?" అంది అక్క.

"ఆయనకు తెలుసక్కా. నేనే మరిచిపోతానేమోనని."

ఈ మాటకు ఏ మనిషైనా కాస్త మెత్తబడేవాడు. కత్తెరమ్మ ఆవలించింది.

చెల్లెలు చేసే పని ఇంకొకటి ఉంది. రోజూ కొట్టు తెరిచేటప్పుడు మేకుకు వేలాడే టేపు తీసి, మాట్లాడకుండా అక్క మెడలో వేసి వెళ్ళేది. కత్తెరమ్మ దాన్ని తీసి మళ్ళీ మేకుకు తగిలించేది. చెల్లెలు విసుక్కోలేదు, అక్క మానలేదు.

కోడలు హెచ్చరించిన తర్వాత వారమే చెల్లెలు బతిమాలి బామాలి అక్కను ఆ పాఠాలకు తీసుకువెళ్ళింది. మెట్లెక్కడమే కత్తెరమ్మకు అవమానంగా తోచింది. పైన కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పాఠాల మాస్టారు పళ్ళు బాగున్న కుర్రాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. "అమ్మమ్మలూ, తాతయ్యలూ, అందరూ చప్పట్లు!" అన్నాడు. అందరూ కొట్టారు. కత్తెరమ్మ చేతులు కట్టుకుంది. ఒకప్పుడు బడిపిల్లల్ని గడగడలాడించిన రిటైర్డు హెడ్మాస్టరు బుద్ధిగా చప్పట్లు కొట్టడం చూసి ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆట ఏమిటంటే, పళ్ళెంలో చిన్న చిన్న వస్తువులు పెట్టి చూపిస్తారు, తర్వాత గుడ్డ కప్పేస్తారు, ఏమేం ఉన్నాయో చెప్పాలి. హెడ్మాస్టరు తాళంచెవి అన్నాడు, దువ్వెన అన్నాడు, ఆగిపోయాడు. ఆయన భార్య ఎవరూ చూడకుండా ఒళ్ళో వేళ్ళతో ఏదో కలుపుతున్నట్టు తిప్పింది. "ఆఁ, చెంచా!" అన్నాడాయన, ముఖం వెలిగిపోతూ. ముసలితనంలో మొగుడి పరువు కాపాడడానికి ఆ తల్లి చేసిన పని ఎంత ముచ్చటైనదో వేరే చెప్పక్కర్లేదు. కత్తెరమ్మకు మాత్రం అందులో దొంగతనం ఒక్కటే కనిపించింది.

"ఆవిడ చెప్పింది, ఈయన అన్నాడు. దీనికి పాఠాలెందుకు, ఆవిణ్ణి జేబులో పెట్టుకుని తిరిగితే సరిపోతుంది" అంది అందరికీ వినబడేలా. హెడ్మాస్టరు ముఖం వాడిపోయింది.

తన వంతు వచ్చేసరికి కత్తెరమ్మ పళ్ళెంలో ఉన్నవన్నీ, పెట్టిన వరసలోనే, చెప్పేసింది. గుండీకి నాలుగు బెజ్జాలనీ, అందులో ఒకదాని అంచు విరిగిందనీ కూడా చెప్పింది. మాస్టారు చప్పట్లు కొట్టించాడు. మెట్లు దిగుతూ ఆమె అంది:

"చూశావా? ఆ మతి లేని మందలో నన్ను కూర్చోబెట్టావు. మళ్ళీ నా ముందు ఆ మాటెత్తకు."

"నీకు అన్నీ గుర్తుంటాయక్కా, నాకు తెలీదా. ఆ పళ్ళెం వైపు ఎంత శ్రద్ధగా చూశావో! రోజూ అలాగే..."

"చాలు" అంది కత్తెరమ్మ.

ఆ గెలుపు ఆమె తలకెక్కింది. మర్నాడు మెడలోంచి టేపు తీసి మేకుకు కూడా తగిలించలేదు, చెత్తబుట్టలో పడేసింది. కోడలు చూసి, లేచి, దాన్ని బుట్టలోంచి తీసి, దులిపి, చుట్టి, తన మిషన్ సొరుగులో పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ఒక అమ్మాయి వచ్చింది. చంకలో బూడిదరంగు ఉన్ని గుడ్డ, ఖరీదైనదే. ఆసుపత్రిలో కొత్తగా ఉద్యోగం దొరికిందట, కోటు కుట్టించుకోవాలట. కత్తెరమ్మ తలెత్తి చూసి కత్తెర కింద పెట్టింది.

"నువ్వు రొట్టెలావిడ కూతురివి కదూ?"

అమ్మాయి ముఖం విప్పారింది. "అవును పిన్నిగారూ. మీకు అమ్మ గుర్తుందా?"

"గుర్తుండకేం? ఆ నుదురు, ఆ మెడ, ఆ నిలబడే తీరు. అచ్చు గుద్దినట్టున్నావు. మీ అమ్మకు నేను కుట్టని బట్ట లేదు."

రొట్టెలావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఈ వీధి చివర రొట్టెల కొట్టు నడిపేది. వేడి రొట్టెల తట్టలు ఎడమ భుజం మీద మోసి మోసి ఆవిడకు ఆ భుజం వాలిపోయింది. ఆ వాలు బయటికి కనిపించకుండా కోటు కత్తిరించడం ఈ కొట్టుకొక్కదానికే చేతనయ్యేది.

"కొలతలు ఇవ్వనా?" అంది అమ్మాయి, చేతులు పక్కకు చాపుతూ.

"చేతులు దించు. నీ కొలతలు నువ్వు పుట్టకముందు నుంచీ నాకు తెలుసు."

మిషన్ చప్పుడు ఆగింది. కోడలు "అత్తయ్యా, ఒక్కసారి టేపు..." అంది.

"నువ్వు నీ కుట్టు చూసుకో."

ఆ సాయంత్రమే గుడ్డ తెగింది. ఒక్కచోట కూడా తడబడకుండా, వెన్నలో కత్తి దిగినట్టు. కోడలు ముక్కలు చేతికి తీసుకుని ఒక్క క్షణం ఎడమ భుజం ముక్క మీద వేలు ఆన్చింది. మారు మాట్లాడకుండా మిషన్ కింద పెట్టింది. మాట్లాడి ఏం లాభం? తెగిపోయింది కదా.

ఒంటిమీద వేసి చూసుకునే రోజు అమ్మాయి అద్దం ముందు నిలబడింది. కుడి పక్క కోటు ఒంటికి అతికినట్టుంది. ఎడమ పక్క భుజం కొసన పట్టేసి, మెడ దగ్గర సంచిలా లేచి నిలబడింది. అమ్మాయి భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఆ పిల్ల జీవితంలో తట్ట మోయలేదు. వాళ్ళమ్మ మొయ్యనివ్వలేదు.

ముందు కత్తెరమ్మకు అర్థం కాలేదు. "సరిగ్గా నిలబడు" అంది. అమ్మాయి నిలబడింది. "ఎడమ భుజం కాస్త కిందికి దించు." అమ్మాయి అమాయకంగా దించింది. కోటు చక్కగా కూర్చుంది. అద్దంలో రొట్టెలావిడ నిలబడి ఉంది.

అప్పుడర్థమైంది కత్తెరమ్మకు. గుడ్డ బూడిదరంగని గుర్తుంది, అమ్మాయి నవ్వు గుర్తుంది. భుజాల కోసం వెతికితే వాళ్ళమ్మవే కనిపిస్తున్నాయి. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ పిల్లను తాను చూడనే లేదు.

అమ్మాయి అద్దంలోకి చూస్తూ ఆ వాలిన భుజాన్ని చేత్తో తడిమింది. కళ్ళు తడిశాయి. మెల్లగా అంది: "ఫరవాలేదు పిన్నిగారూ. నాకిలాగే బాగుంది. ఇలాగే తీసుకుంటాను."

ఎంత మంచి పిల్లో. అవతలి మనిషి తప్పును తన ఇష్టంగా మార్చుకుని ఇంటికి మోసుకుపోదామనుకుంది. కత్తెరమ్మ ముఖం మాత్రం కందగడ్డలా అయింది.

"జాలి కోట్లు ఈ కొట్లో కుట్టరు. విప్పు."

"నిజంగానే పిన్నిగారూ, అమ్మలా..."

"మీ అమ్మ వంకర కోటు వేసుకుని తిరిగే మనిషి కాదు. ఆవిడ వంకర కనిపించకూడదనే నా దగ్గరికి వచ్చేది. విప్పవే!"

కోటు బల్ల మీదికి వచ్చింది. కోడలు లేచి వచ్చి పక్కన నిలబడింది. ఏదో ఒకటి అంటుందని కత్తెరమ్మ ఎదురుచూసింది. ఒక్క ఎత్తిపొడుపు మాట అంటే చాలు, పదింతలు తిరిగి ఇవ్వడానికి నోరు సిద్ధంగా ఉంది. కోడలు ఏమీ అనలేదు. కుట్లు విప్పడానికి కూర్చుని, తీసిన గుండుసూదులు ఒక్కొక్కటే అత్తగారి చేతికి అందించసాగింది. అన్న మాటకు జవాబివ్వడం కత్తెరమ్మకు వెన్నతో పెట్టిన విద్య. అనని మాటకు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"కుడి భుజాన్నీ, మెడనూ ఎడమ భుజానికి సరిపడా దించి కత్తిరిస్తే సమమవుతుంది" అంది కోడలు, గుడ్డనే చూస్తూ. "లోపల పలచటి మెత్త పెడితే భుజం నిలబడుతుంది. మెడ కాస్త తగ్గుతుంది, కాలరు వెడల్పు చేస్తే తెలీదు."

నిజానికి తానూ అదే అనుకుంటోంది కత్తెరమ్మ. కోడలు ముందు అనేసింది. గోటితో బల్ల అంచు గీరింది. తర్వాత నడుము సంచిలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. చేతికివ్వలేదు. పెట్టింది, అంతే.

"ఇందా. నీ ఏడుపేదో నువ్వే ఏడు."

కోడలు ముందు సొరుగులోంచి టేపు తీసింది. అమ్మాయిని నిలబెట్టి, ఒక్కో కొలతా పైకి చెబుతూ, గుడ్డ అంచున సుద్దతో వేసుకుంది. తర్వాత కత్తెర పట్టుకుంది. సుద్ద గీత దగ్గర ఆనించి ఆగింది.

"ఇంకా ఆలోచనేంటి? గుడ్డేమైనా కరుస్తుందా? మొదలుపెట్టాక మధ్యలో ఆపకు, అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది. బొటనవేలు అలాగేనా పెట్టేది? ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదు అత్తయ్యా."

కత్తెరమ్మ బల్ల అవతలికి నడిచింది. గుడ్డ రెండో కొస చేత్తో పట్టుకుని, కదలకుండా, బిగువుగా లాగి నిలబడింది. కత్తెర నడిచింది.

కోటు బాగానే వచ్చింది. "బాగానే" అన్నది అత్తగారి మాట. మెడ దగ్గర ఒక్క నూలుపోగంత తేడా ఉందని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత వారం ఒకాయన పెళ్ళి కోటుకని వచ్చి, అలవాటు కొద్దీ గుమ్మంలోనే ఆగి, చేతులు దించుకుని గిర్రున ఒక చుట్టు తిరిగాడు. కత్తెరమ్మ తల కూడా ఎత్తలేదు. మిషన్ వెనక కూర్చుని గుండీలు కుడుతోంది.

"ఆ తిరుగుడేంటి బాబూ, గానుగెద్దులాగా? లోపలికి రా. కత్తిరించేది మా కోడలు. నా అంతటిది కాదు, ఆ ఆశేం పెట్టుకోకు. కాకపోతే ఎవరొచ్చినా ముందు కొలిచి చూస్తుంది."